కింద మల్గీలు, పైన ఇండ్లు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు ఉర్దూలో లెక్కలు చెప్పే పని మాది. సొసైటీ జాగాలో కట్టబోయే బిల్డింగు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు గనుక లెక్కల దారిలోనే చెబుతాము.

మొత్తం మల్గీలే కడితే పగిడీ బాగా ముడుతుంది, దానితో స్కాలర్‌షిప్పులు ఇవ్వవచ్చునని కొందరు సభ్యుల అభిప్రాయం. కింద మల్గీలు, పైన కిరాయి ఇండ్లు ఉండాలని మా అభిప్రాయం. పేరు చెప్పగానే "ఇల్లు ఖాళీ లేదు" అనే జవాబు మనలో ఎంతమంది విన్లేదు? భర్త పోయిన ఆడకూతురు పిల్లల్ని వెంటబెట్టుకొని ఇల్లు వెతికితే ఆ జవాబు ఇంకా తొందరగా వస్తుంది. పగిడీ ఒక్కసారి వచ్చేది. ఇల్లు రోజూ కావలసింది.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హైదరాబాదులో పత్తర్‌గట్టి కట్టించింది. రాతి కమానుల వెనుక దుకాణాలు, పైన నివాసాలు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న మదీనా బిల్డింగు వక్ఫు ఆస్తి. దాని కిరాయిలు ఒకప్పుడు మదీనా నగరపు బీదలకు పోయేవి. బజారు కిరాయి బీదవాని చేతికి అందుతుందనడానికి ఇంతకన్నా రుజువెందుకు?

అయితే కట్టగానే పని అయిపోదు. కప్పు కారితే ఖర్చు ఎవరు పెట్టాలి? ఇది తెలియాలంటే బొంబాయిలోని భేండీ బజారు సంగతి చూడాలి. అక్కడా కింద దుకాణాలే, పైన ఒంటి గదుల కాపురాలే, అంతస్తుకంతా కలిపి మరుగుదొడ్లు. 1947 నాటి బొంబాయి రెంట్ చట్టం కిరాయిలను 1940 నాటి మట్టానికి కట్టేసింది. కిరాయిదారుకు అది రక్షణే, కాదనము. కాని ఆ పైసలతో గొట్టం కూడా మార్చలేని యజమాని గోడలకేం చేస్తాడు? పగిడీ పేరున చేతులు మారిన పెద్ద మొత్తాలు గోడలదాకా రాలేదు. ఏటా నూటికి నాలుగు చొప్పున పెంచుకొనే వీలు 1999 నాటి చట్టంతో గాని రాలేదు. అప్పటికే గోడలు ముసలివైపోయినై.

2009లో దావూదీ బోహ్రాల గురువు సయ్యద్‌నా ముహమ్మద్ బుర్హానుద్దీన్ ఆధ్వర్యాన సైఫీ బుర్హానీ ట్రస్టు ఆ పేటను తిరిగి కట్టడానికి పూనుకొంది. పదహారున్నర ఎకరాలు, సుమారు 250 బిల్డింగులు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు! పాతవారికి కనీసం 350 చదరపు అడుగుల సొంత ఇల్లు ఉచితం. కొంత భాగం బయటివారికి అమ్మి ఖర్చు రాబట్టాలని ఏర్పాటు. మెచ్చుకోవలసిన పనే. కాని అన్ని సంతకాలు, అన్ని అనుమతులు కూడేసరికి ఏండ్లు గడిచినై. ఆ పథకంలోనే ఉన్న హుసైనీ బిల్డింగు నుంచి కొన్ని కుటుంబాలు తరలిపోయినై, కొన్ని ఉండిపోయినై. 2017 ఆగస్టు 31 పొద్దున అది కూలింది. 33 మంది చనిపోయారు.

అందుకే మేము అడిగేది, పునాది తీయకముందే కాగితం రాయండి. మల్గీ కిరాయి ఏటా నూటికి నాలుగు పెరగాలి. 5,000 రూపాయల కిరాయి 20 ఏండ్లకు 10,900 దాటుతుంది. కావలసినవారు ఇంటికి పోయి వేసి చూసుకోండి. అందులో కొంత వంతు మరమ్మతుల ఖాతాలోనే జమ కావాలి, స్కాలర్‌షిప్పుకైనా సరే దాన్ని ముట్టరాదు. ఆడవాండ్లు దుకాణాల నడుమనుంచి పోకుండా మెట్లు గల్లీ వైపు పెట్టాలి. ఇంజనీరు గారు ఒక మల్గీ తగ్గుతుందంటున్నారు. తగ్గనీయండి.

ఆ జాగాలో రేకుల గదుల్లో ఇప్పుడున్న ఆరు కుటుంబాల మాట మిగిలింది. "తర్వాత చూద్దాం" అని వారిని లేపడానికి మేము ఒప్పుకోము. ఎన్నో అంతస్తులో ఏ ఇల్లు, కిరాయి ఎంత, కట్టేదాకా ఎక్కడుండాలి, ఆ నడిమి కిరాయి ఎవరు ఇయ్యాలి — ఇవన్నీ రాసి, సంతకాలు పెట్టి, ముందే వారి చేతికియ్యాలి. ఆరు కాగితాలనూ తెలుగులోను, ఉర్దూలోను ముసాయిదా రాసి కార్యదర్శి గారికి అప్పగించాము. జుమా నమాజు తర్వాత ఆఫీసులో చూడవచ్చును. మార్పులుంటే వచ్చే కమిటీ మీటింగులోపల తెలుపగలరు.