మరుగునపడిన దర్శకులు – రఘుపతి సూర్యప్రకాశ్
(గ్రేటర్ నోయిడాలో మన సంఘము వారి సభయందు చేసిన ప్రసంగము)



రఘుపతి వెంకయ్యగారి పేరు మీరెల్లరు ఎరుగుదురు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1980లో ఆయన పేర పురస్కారమును నెలకొల్పినది. నేను చెప్పబూనినది ఆయన కుమారులు సూర్యప్రకాశ్ గారిని గూర్చి.

మదరాసులో గెయిటీ థియేటరు కట్టించిన ఆ తండ్రిగారు, కుమారుని సినిమా విద్యకై ఇంగ్లండు పంపిరి. తిరిగివచ్చిన ప్రకాశ్ గారు 1921లో 'భీష్మప్రతిజ్ఞ' అను మూకీని తీసి, భీష్మునిగా తామే నటించిరి. గంగ వేషమును ఒక ఆంగ్లేయ వనిత ధరించినది! మన స్త్రీలు తెరమీదికి వచ్చుటకు జంకిన దినములవి. ధనము తండ్రిది, దర్శకత్వము కుమారునిది. పేరు మాత్రము ధనమువైపే మొగ్గినది. కచేరీలలో పనిచేయు మనకిది క్రొత్త కాదు.

ఆయనవద్ద పని నేర్చిన సి. పుల్లయ్యగారు 1934లో 'లవకుశ' తీసి కీర్తి గడించిరి. గురువుగారును టాకీలు తీసిరి. 1940లో మొక్కపాటివారి 'బారిష్టరు పార్వతీశము'ను తెరకెక్కించినది వారే. మొగలితుర్రునుండి సీమకు బయలుదేరిన పార్వతీశముగారి తికమకలలో కొన్నియైనను, సీమకు పోయివచ్చిన ఈ దర్శకునికి స్వానుభవములై యుండునని నా ఊహ.

జపానులో మూకీచిత్రము ఆడుచుండగా ప్రక్కన నిలిచి కథ వినిపించు 'బెన్షీ'లు ఉండెడివారు. అచటను ఆనాటి చిత్రములు అధికభాగము నశించినవి. మన 'భీష్మప్రతిజ్ఞ'యు నేడు చూడ దొరకదు. మీలో ఎవరి ఇంటనైనను, బందరులోనో మదరాసులోనో, తాతలనాటి పెట్టెలో ఆ చిత్రముల కరపత్రమొక్కటి యున్నచో, దయచేసి పారవేయక మన కార్యదర్శిగారికి తెలుపగోరుచున్నాను.