స్టెప్నీకి సెలవు చెప్పవచ్చునా?

మోటారు కారుకు చక్రాలు నాలుగని లోకంలో వాడుక. లెక్కకు అవి అయిదు. నేలమీద దొర్లేవి నాలుగు. కారు వెనుకభాగంలో పడుకొని ప్రయాణం చేసేది ఒకటి. ఆ అయిదవదానిని మనవారు స్టెప్నీ అంటారు. చిల్లు పడినా తమంతట తామే పూడ్చుకొనే టైర్లు వచ్చినవి గనుక, ఇక ఈ అయిదవ చక్రాన్ని మోయనక్కరలేదని కొందరు అంటున్నారు. ఈ మాటలో నిజమెంత ఉన్నదో విచారించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఆ పేరు సంగతి. గాలి నింపిన టైరుకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందినాడు. అప్పటికి మోటార్లు లేవు. అందుచేత లోకం దానిని మరచిపోయినది. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల సైకిలు కోసం మళ్లీ అటువంటి టైరునే రూపొందించినాడు. ఈసారి దానికి సైకిలు తోడైనది, తరువాత మోటారు తోడైనది. గాలి వచ్చి కుదుపు తగ్గినది. కాని కుదుపుతోపాటు నిశ్చింత కూడా పోయినది. గట్టి రబ్బరు చక్రానికి మేకు దిగినా భయం లేదు. గాలి చక్రానికి చిన్న ముల్లు చాలు.

తొలినాటి కార్లలో చక్రాన్ని ఇరుసునుంచి సులభంగా ఊడదీసే వీలు ఉండేది కాదు. దారిలో పంక్చరు అయితే టైరును అక్కడే విప్పి, ట్యూబుకు అతుకు వేసి, మళ్లీ గాలి కొట్టవలసిందే. ఈ బాధకు విరుగుడుగా 1904లో వేల్సు దేశంలోని లానెల్లి పట్టణంలో థామస్ మోరిస్ డేవీస్ ఒక ఉపాయం కనిపెట్టినాడు. ఆకులు లేని వట్టి కమ్మికి గాలి నింపిన టైరు తొడిగి, దానిని పంక్చరైన చక్రం పక్కన బిగించేవారు. ఆ ఊరిలోని స్టెప్నీ వీధి పేరే ఆ వస్తువుకు వచ్చినది. ఇంగ్లండులో ఆ పేరు దాదాపు మరుగునపడిపోయినా, మన మెకానిక్కుల నోట ఈనాటికీ నిలిచి ఉన్నది. బ్రెజిలువారి పోర్చుగీసు భాషలో కూడా అదే మాట కొద్ది మార్పుతో వినబడుతుంది.

ఇక కొత్త టైరు సంగతి చూద్దాము. దీనికి పూర్వరంగం రెండవ ప్రపంచ యుద్ధంలోనే ఉన్నది. అప్పటి యుద్ధవిమానాల పెట్రోలు తొట్లకు గట్టిపరచిన రబ్బరు పొరల నడుమ పచ్చి రబ్బరు పొరను అమర్చేవారు. తుపాకిగుండు దూసుకొనిపోతే పెట్రోలు ఆ పచ్చి రబ్బరును తాకి, అది ఉబ్బి, చిల్లును మూసివేసేది. గాయం తన ఔషధాన్ని తానే పిలుచుకొన్నట్లు అన్నమాట.

యుద్ధానంతరం టైరులోనుంచి ట్యూబు తొలగిపోయినది. అమెరికాలోని బి. ఎఫ్. గుడ్‌రిచ్ సంస్థలో ఫ్రాంక్ హెర్జె అనే ఇంజనీరు రూపొందించిన ట్యూబులేని టైరుకు 1952లో పేటెంటు లభించినది. 1955 నాటికి ఆ దేశపు కొత్త కార్లలో అదే మామూలైపోయినది. ట్యూబుకు చిల్లు పడితే గాలి ఒక్క పెట్టున పోతుంది. ట్యూబులేని టైరులో మేకు దిగితే, ఆ మేకే బిరడావలె నిలిచి, గాలి మెల్లమెల్లగా పోతుంది. సగం బాధ ఆనాడే తీరినదని చెప్పవచ్చును.

తక్కిన సగాన్ని తీర్చబూనినది సెల్ఫ్ సీలింగ్ టైరు. దీని రహస్యం రబ్బరు స్వభావంలోనే ఉన్నది. పచ్చి రబ్బరు వేడికి కరగి జిగురౌతుంది, చలికి బిగుసుకొనిపోతుంది. దానిని గంధకంతో కలిపి కాచితే ఆకారం నిలుపుకొనే దృఢత్వం వస్తుందని 1839లో చార్లెస్ గుడ్‌యియర్ కనుగొన్నాడు. టైరు అంతా అటువంటి గట్టి రబ్బరే. కాని ఈ కొత్త టైరులో, నేలను తాకే భాగానికి లోపలివైపున, పూర్తిగా గట్టిపడని జిగురు రబ్బరును ఒక పొరగా పూస్తారు. మేకు దిగినపుడు ఆ జిగురు మేకును చుట్టుకొని పట్టుకొంటుంది. మేకు ఊడిపోతే, లోపలి గాలి ఒత్తిడే జిగురును చిల్లులోనికి నెట్టి దానిని పూడ్చివేస్తుంది. బయటికి పోజూచే గాలి చేతనే ద్వారం మూయించడం ఇందులోని చమత్కారం.

వినడానికి ఇది తేలికగానే ఉన్నది. చేయడం తేలిక కాదు. ఆ జిగురు మరీ పలుచనైతే, మండు వేసవిలో వేడెక్కిన టైరు వేగంగా తిరిగేటప్పుడు ఒక ప్రక్కకు జారి చేరి, చక్రపు తూకాన్ని చెడగొడుతుంది. మరీ చిక్కనైతే చలిలో కదలక, చిల్లును పూడ్చదు. ఈ రెంటి నడుమ సమతను సాధించడానికి చాలకాలమే పట్టినది. జర్మనీలోని కాంటినెంటల్ సంస్థ 2008లో అటువంటి టైరును కార్లకు సమకూర్చినది. అది 5 మిల్లీమీటర్ల చిల్లువరకు పూడ్చగలదు. మనదేశంలో 2022లో జె.కె. టైర్ సంస్థ 6 మిల్లీమీటర్ల మేకువరకు తట్టుకొనే టైరును ప్రకటించినది. దీనిని మరొక రకమైన రన్‌ఫ్లాట్ టైరుతో పొరబడకూడదు. రన్‌ఫ్లాట్ టైరు చిల్లును పూడ్చదు. గాలి పోయిన తరువాత కూడా గట్టి ప్రక్కగోడలమీద కారును మోస్తుంది. అదికూడా సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా, సుమారు 80 కిలోమీటర్ల దూరం మాత్రమే.

మరి ఈ టైరు ఉంటే స్టెప్నీ అక్కరలేదా? ఒక సందర్భాన్ని ఊహించండి. అర్ధరాత్రి. పురిటినొప్పులు పడుతున్న కోడలిని వెనుక కూర్చుండబెట్టుకొని, మారుమూల పల్లెనుంచి పట్టణపు ఆసుపత్రికి ఒక కుటుంబం కారులో బయలుదేరినది. దారిలో మేకు దిగినది. మామూలు కారైతే అక్కడ ఆగి, చీకటిలో జాకీ ఎత్తి, బిగుసుకొనిపోయిన నట్లు విప్పవలె. ప్రక్కనుంచి లారీలు దూసుకొనిపోతూ ఉంటాయి. రహదారి అంచున చక్రం మారుస్తూ ప్రమాదాల పాలైనవారు లేకపోలేదు. చివరకు ఆ స్టెప్నీలో గాలి ఉన్నదో లేదో! ఏళ్ల తరబడి ఎవరూ తాకకుండా పడి ఉన్న టైరు, నడవకపోయినా, వయస్సు మీదపడి పగుళ్లు తీస్తుంది. అదే సెల్ఫ్ సీలింగ్ టైరు ఉన్న కారైతే, మేకు దిగిన సంగతి కూడ తెలియకుండ ఆసుపత్రి చేరుతుంది. ఆ రాత్రికి ఇంతకంటె కావలసినదేమున్నది?

అదే దారిలో, అదే రాత్రి, మేకుకు బదులు పదునైన రాతిఅంచుగల గుంట ఎదురైనదనుకోండి. టైరు ప్రక్కగోడ చీలినది. లేదా రిమ్ము వంగినది. జిగురు పొర నేలను తాకే భాగానికే కాని ప్రక్కగోడకు లేదు. చీలికను అది పూడ్చదు, వంగిన ఇనుమును సరిచేయదు. ఇప్పుడు ఆ కుటుంబానికి దిక్కు స్టెప్నీయే. అది లేకపోతే తెల్లవారేవరకు ఎవరో ఒకరు వచ్చి ఆదుకోవలసినదే.

ఇక్కడే అసలు భేదం బయటపడుతుంది. సెల్ఫ్ సీలింగ్ టైరు ఒక్క వ్యాధికి మందు. ఆ వ్యాధి తరచుగా వచ్చేది, కనుక మందు విలువైనదే. స్టెప్నీ అట్లా కాదు. చక్రానికి ఏ కీడు మూడినా, కారణం అడగకుండ దాని స్థానంలో నిలుస్తుంది. ఒకటి రక్ష, మరొకటి ప్రత్యామ్నాయం. రక్ష ఎంత బలమైనదైనా ప్రత్యామ్నాయం కాజాలదు.

మనదేశపు చట్టం స్టెప్నీని కొంతవరకు సడలించిన మాట నిజమే. 2020 జూలైలో కేంద్ర రవాణా శాఖవారు మోటారు వాహనాల నియమాలను సవరించినారు. దాని ప్రకారం డ్రైవరుతో కలిపి 9 మందికి, మొత్తం బరువులో 3.5 టన్నులకు మించని ప్రయాణీకుల వాహనానికి ట్యూబులేని టైర్లు, మరమ్మతు సామగ్రి, టైర్ల గాలి ఒత్తిడిని తెలిపే సాధనం ఉంటే స్టెప్నీ లేకపోయినా సరిపోతుంది. చోటు మిగులుతుంది, బరువు తగ్గుతుంది; విద్యుత్ కార్లలో ఆ చోటు బ్యాటరీలకు పనికివస్తుంది. అయితే ఆ మరమ్మతు సామగ్రిలో ఉండేవి సాధారణంగా ఒక జిగురు సీసా, ఒక చిన్న గాలి పంపు. ప్రక్కగోడ చీలితే అవికూడా నిస్సహాయములే. పైగా ఆ సీసాకు గడువు తేదీ ఉంటుంది.

చట్టం కోరిన మూడింటిలో గాలి ఒత్తిడిని తెలిపే సాధనాన్ని ప్రత్యేకంగా గమనించవలె. తనను తాను పూడ్చుకొనే టైరులోని గుణమే దానిలోని దోషం: అది గాయాన్ని దాచిపెడుతుంది. మేకు దిగిన సంగతి తెలియక నెలల తరబడి తిరిగితే, ఆ చిల్లు వెంట నీరు చేరి, టైరులోపలి ఉక్కుతీగలకు తుప్పు పట్టవచ్చును. అందుచేత ఈ టైరు ఉన్నవారు టైర్లను చూడడం మానడం కాదు, మరింత శ్రద్ధగా చూడవలె. మేకు కనబడితే, తీరిక చూచుకొని, తెలిసినవాని చేత పరీక్ష చేయించవలె. రహదారి ప్రక్కన పాత టైరును గుర్తుగా వ్రేలాడదీసి కూర్చున్న పంక్చరు దుకాణదారుని అవసరం దీనితో తీరిపోదు. అతని పని అర్ధరాత్రినుంచి పగటివేళకు మారుతుంది, అంతే.

కారు కొనబోయేవారు అమ్మేవానిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. ఈ కారులో స్టెప్నీ ఉన్నదా, లేక సీసా మాత్రమే ఉన్నదా? ఉన్న స్టెప్నీ తక్కిన నాలుగింటితో సమానమైనదా, తాత్కాలికంగా తక్కువ వేగంతో నడపవలసిన సన్నని చక్రమా? ప్రత్యేకమైన టైరు అయితే, అదే కొలతలో మన ఊరిలో మళ్లీ దొరుకుతుందా? నగరం దాటనివారికి, పిలిస్తే మెకానిక్కు వచ్చే చోట తిరిగేవారికి, స్టెప్నీ లేని కారు తగవచ్చును. ఏజెన్సీ ప్రాంతాలలోను, ఘాటు రోడ్లమీదను, ఊరికీ ఊరికీ నడుమ దీపం కనబడని దారులలోను తిరిగేవారికి మాత్రం ఆ అయిదవ చక్రం ఈనాటికీ బరువు కాదు.

రెండూ ఉంటే మరీ మేలు. కొత్త టైరు ప్రయాణాన్ని ఆగకుండ చూస్తుంది. ఆగక తప్పనప్పుడు పాత చక్రం మళ్లీ కదలిస్తుంది. మన దారులలో గుంటలు పూడేవరకు, టైరు తన చిల్లును పూడ్చుకొన్నదని స్టెప్నీకి సెలవు చెప్పడం తొందరపాటే అవుతుంది. ఈలోగా చేయదగిన పని ఒకటి ఉన్నది: ఈసారి గాలి కొట్టించేటప్పుడు, నాలుగు చక్రాలతో పాటు డిక్కీ తెరచి అయిదవదానికి కూడ కొట్టించండి.