డోర్నకల్ బిషప్ అజరయ్యగారు

ఏ గురువర్యుల స్మృత్యర్థము మనము సమావేశమైతిమో, వారు క్రైస్తవసంఘ చరిత్రను దొరల లేఖలనుండి గాక సంఘస్థుల శ్రమనుండి వ్రాయవలెనని జీవితాంతము బోధించిరి. ఆ బోధనే శిరసావహించి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారిని గూర్చి విన్నవించెదను. 1874లో తిరునల్వేలి సీమలో అయ్యగారింట జననము, మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్య, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిత్వము మీరెరిగినవే.

నేను నిలువదలచినది 1902వ సంవత్సరమునొద్ద. ఆ యేట జాఫ్నాకు వెళ్లిన అజరయ్యగారు, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ ధనముతో తామే ప్రచారకులను పోషించుట కన్నులార చూచి, అంత పెద్దదైన తిరునల్వేలి సంఘము ఆ పనికి పూనుకొనకుండుట సహింపలేకపోయిరి. మరుసటి ఫిబ్రవరిలోనే తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘము పుట్టినది: ధనము మనది, మనుష్యులు మనవారు, నిర్వాహకులును మనవారే. నిజాము రాజ్యములోని మానుకోట ప్రాంతము దానికి కార్యక్షేత్రమయ్యెను. 1909లో అజరయ్యగారే ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, డోర్నకల్ చేరి, ముప్పదియైదవ యేట తెలుగు అభ్యసింప మొదలిడిరి.

ఇచ్చట నా సహపండితులతో నాకు తీరని వివాదమొకటి కలదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు జరిగిన అభిషేకము కేవలము మదరాసు బిషప్ వైట్‌హెడ్‌గారి ప్రసాదమనియు, ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పునకు అంత చిన్న అధ్యక్ష మండలము నిచ్చుటయే దొరల సంకోచమునకు సాక్ష్యమనియు వారందురు. వైట్‌హెడ్‌గారి పట్టుదలను నేను కాదనను. మిషనరీలే గాక భారతీయ క్రైస్తవులు కొందరును అడ్డుపడగా ఆయన వెనుదీయలేదు. కాని ఆ చిన్న మండలము ఎవరి చెమటతో దున్నిన నేల? తొమ్మిదేండ్లుగా తిరునల్వేలి విశ్వాసులు కానుకలు కూడబెట్టి పని సాగించిన నేలయే గదా! పీఠము దొరలిచ్చిరేమో గాని, పీఠమునకు తావు వారిచ్చినది కాదు. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో మాకు స్నేహితులను ఇండని అజరయ్యగారు ధైర్యముగా అడుగగలిగినదియు ఈ స్వావలంబన బలముచేతనే యని నా దృఢవిశ్వాసము.

ఆ స్వావలంబననే ఆయన పల్లెలలోను నేర్పిరి. ఆయన బాప్తిస్మమిచ్చునపుడు, మాల మాదిగ వాడలనుండి వచ్చిన క్రొత్త విశ్వాసులు తమ తలపై తామే చేయి పెట్టుకొని, సువార్త ప్రకటింపకున్నచో తమకు శ్రమయని ఒప్పుకొనవలసియుండెను. అక్షరము రాని కూలివాడును ఆ క్షణముననే ప్రచారకుడగుచుండెను.

కాలము మించుచున్నది గనుక శేషము క్లుప్తముగా చెప్పెదను. మతాంతరీకరణ విషయమున గాంధీగారితో అజరయ్యగారికి కలిగిన భేదము వేరొక ఉపన్యాసమునకు తగినది. గుమ్మటములు, మినారులు, హిందూ దేవాలయ స్తంభముల పోలికలు కలిసిన డోర్నకల్ దేవాలయము 1939లో ప్రతిష్ఠితమయ్యెను. 1945 జనవరి 1న ఆయన పరమపదించిరి. 1919లో తరంగంబాడిలో ఆయన ముందుండి ఆరంభించిన క్రైస్తవసంఘముల ఐక్యయత్నము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించినది. అంతకు మునుపే, ఆయన మండలము కృష్ణా తీరమువరకు విస్తరించినపుడు, ఆంగ్ల మిషనరీలు ఆ తమిళుని అధికారము క్రింద పనిచేసిరి.