మంచు మీది హాకీ, మన నేల మీది ఆడపిల్లలు

(తాయిల్పట్టి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయినది. ఆదాయ వ్యయాలు విన్నాము. ఇక ఒక ఆటను గురించి మాట్లాడమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. ఆట అంటే హాకీ. అందులోనూ స్త్రీలు గడ్డకట్టిన మంచు మీద ఆడే హాకీ, దానికి జరిగే ప్రపంచ పోటీలు. ఎండాకాలం వాకిట్లో నిలిచి ఉండగా ఈ మంచు కబురెందుకని కొందరు నవ్వుకొనవచ్చును. కాని కోవిల్పట్టికి ఇరుగుపొరుగున ఉన్న మనకు హాకీ పరాయిది కాదు, మంచు మాత్రమే పరాయిది. ఆ మంచు కరిగించి చూస్తే అడుగున మన ఇంటి సంగతే కనబడుతుంది. అందుకే ఈ విషయం ఎత్తుకొన్నాను.

ముందు ఆట సంగతి. మనం చూసే హాకీలో పక్షానికి పదకొండుమంది. మంచు హాకీలో ఒక గోలు కాపరితో కలిపి ఆరుగురే. మన మైదానం పొడవు 91 మీటర్ల పైచిలుకు. మంచు మైదానం పొడవు 60 మీటర్లు, చుట్టూ చెక్కగోడ. కాళ్లకు ఇనుప వాదర ఉన్న జోళ్లు. చెండు ఉండదు, దానికి బదులు గట్టి రబ్బరు బిళ్ల. మూడంగుళాల అడ్డకొలత, అంగుళం మందం, బరువు సుమారు 170 గ్రాములు. బిళ్లంగోడు ఆడి పెరిగిన మనకు బిళ్ల అన్నమాట క్రొత్త కాదు గదా! ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు భాగాలు ఆడుతారు. నిమిషానికి కొంచెం అటూ ఇటూగా ఆడి, అలసినవారు వెలుపలికి వచ్చి, ఊపిరి కూడదీసుకొన్నవారు లోపలికి పోతూ ఉంటారు. అంత వేగం ఆ ఆటది.

ఇంత వేగమైన ఆట ఆడవారికి తగదని ఆ చలిదేశాల్లోనూ చాలాకాలం అన్నారు. కాని ఆడవారు ఆడుతూనే వచ్చినారు. ఈనాడు మగవారి పోటీల్లో ప్రఖ్యాతమైన స్టాన్లీ కప్పును ఇచ్చిన లార్డు స్టాన్లీ కెనడాకు గవర్నరు జనరలుగా ఉన్న రోజుల్లోనే, అనగా 1890 ప్రాంతంలో, ఆయన కుమార్తె ఇసొబెల్ ఆటవాలో తన భవనపు మంచు మీద చెలికత్తెలతో హాకీ ఆడింది. 1930ల్లో ఆంటారియో రాష్ట్రంలో ప్రెస్టన్ రివులెట్స్ అనే స్త్రీల జట్టు ఓటమి ఎరుగుట అరుదు అన్నంత పేరు తెచ్చుకొన్నది. తరువాత యుద్ధం వచ్చింది, ఆ జట్టు చెదిరిపోయింది.

1950ల నడుమ టొరంటోలో ఆబీ హాఫ్మన్ అనే చిన్నపిల్ల జుట్టు కత్తిరించుకొని మగపిల్లల జట్టులో చేరి ఆడింది. ఒక పోటీకి పుట్టినతేదీ పత్రం చూపవలసి వచ్చినప్పుడు ఆడపిల్ల అని బయటపడింది. పత్రికలన్నీ వ్రాసినవి. ఆ పిల్లే పెరిగి పెద్దదై పరుగు పందెములలో దిగి, 1964 మొదలు 1976 వరకు నాలుగు ఒలింపిక్సులలో కెనడా తరఫున పరుగెత్తింది. కాళ్లలో సత్తువ ఉండనే ఉన్నది. లేనిదల్లా నిలుచుండి ఆడుకొనుటకు తనదైన చోటు.

ఆ చోటు దొరకుటకు చాలా ఏండ్లు పట్టింది. మగవారి ప్రపంచ పోటీలు ఎన్నడో మొదలైనవి. అంతర్జాతీయ సంఘంవారు స్త్రీలకు మొదటి ప్రపంచ పోటీ పెట్టినది 1990 మార్చిలో, ఆటవా నగరంలో. ఎనిమిది దేశాలు వచ్చినవి; ఆసియా ఖండం నుంచి జపాను ఒక్కటే. చూచేవారిని రప్పించవలెనని కెనడా జట్టుకు గులాబిరంగు చొక్కాలు తొడిగినారు. రంగు చూడవచ్చినవారు ఆట చూచి పోయినారు. చివరి ఆటలో కెనడా అయిదు, అమెరికా రెండు. ఎనిమిది వేలకు పైగా జనం కూడినారు.

అక్కడినుంచి 2025 వరకు బంగారు పతకం ఈ రెండు దేశాలను దాటి పోలేదు. 2025లో చెక్ దేశంలో జరిగిన పోటీలో అమెరికా అదనపు సమయంలో కెనడాను 4-3గా గెలిచింది. 1998లో నగానోలో ఒలింపిక్సుకు కూడా స్త్రీల మంచు హాకీ ఎక్కింది. మొదటి బంగారం అమెరికాది. 2003లోనూ 2020లోనూ అంటువ్యాధుల మూలాన ప్రపంచ పోటీలు ఆగిపోయినవి. ఇంకొక్క మాట. 2019లో ఫిన్లండు, మన జిల్లాలు రెండు మూడు కలిపినంత జనాభా గల చిన్న దేశం, కెనడాను ఓడించి చివరి ఆటకు వచ్చి అమెరికా దగ్గర వెంట్రుకవాసిలో తప్పిపోయింది. పెద్దవారి వాకిట చిన్నవారు నిలబడగలరని అది చూపింది.

అయ్యా, ఇది చలిదేశాల కథ, మనకేమి అంటారేమో. మన దేశంలోనూ మంచు ఉన్నది, దాని మీద ఆడపిల్లలు ఉన్నారు. లడఖ్ ప్రాంతంలో చెరువులు గడ్డకట్టేది ఏడాదిలో రెండు నెలలు. ఆ రెండు నెలలే వారికి మైదానం. తక్కిన పది నెలలు ఎదురుచూపు. ఆ పిల్లలే ఎక్కువమందిగా ఉన్న భారత స్త్రీల జట్టు 2016లో తైపేలో మొదటిసారి అంతర్జాతీయ పోటీలో దిగింది. ప్రయాణ ఖర్చులకు జనం దగ్గర చందాలు వసూలు చేసుకొని పోయినారు. ఆడిన ప్రతి ఆటా ఓడినారు. మరుసటి సంవత్సరం, 2017లో, బాంకాక్‌లో ఫిలిప్పీన్సును 4-3గా గెలిచి, మొదటి గెలుపు రుచి చూచినారు. మలేసియాను కూడా గెలిచినారు. 2018లో కెనడా దేశపు మేటి క్రీడాకారిణి హేలీ వికెన్హైజర్ లడఖ్‌కు వచ్చి వారికి ఆట నేర్పి పోయింది. 2025లో అరబ్బు దేశంలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్పులో మన పిల్లలు కంచు పతకం తెచ్చినారు.

లెక్క వేయండి. అన్నీ ఓడిన నాటికి, పతకం తెచ్చిన నాటికి నడుమ తొమ్మిది సంవత్సరాలు. 2016లో ఓడి వచ్చిన పిల్లలను చూచి తల్లిదండ్రులు "చాలమ్మా, ఇక ఇంట్లో ఉండు" అని ఉంటే ఈ కథ అక్కడితో సరి. ఆటలో గెలుపు పిల్ల చేతిలో ఉన్నది. ఆట కొనసాగుట మాత్రం ఇంటివారి చేతిలో ఉన్నది.

ఇక మన నేలకు వద్దాం. ఇది కరిసల్ నేల, నల్లరేగడి. ఎండకు బీటలు వారుతుంది, వానకు కాలిని పట్టుకొని విడువదు. ఇటువంటి నేల నుంచి హాకీ ఎట్లా పుట్టిందని పరాయివారు ఆశ్చర్యపడుతారు. అయినా కోవిల్పట్టి అంటే తమిళనాట కడలైమిఠాయి, అగ్గిపెట్టె, హాకీ అని పేరు. అక్కడ కృత్రిమ పచ్చిక పరచిన మైదానం ఉన్నది, పిల్లలను ఉంచి నేర్పే వసతి ఉన్నది. లక్ష్మి అమ్మాళ్ స్మారక పోటీలకు అఖిల భారత జట్లు వస్తాయి. కోవిల్పట్టి పిల్లవాడు మారీశ్వరన్, ఇక్కడ తర్ఫీదు పొందిన అరియలూరు పిల్లవాడు కార్తి, ఇద్దరూ 2022 ఆసియా కప్పులో భారత జట్టున ఆడి కంచు పతకంతో వచ్చినారు. 2025 చివర చెన్నై, మదురై పట్టణాల్లో 24 దేశాల కుర్రవాళ్లు జూనియర్ ప్రపంచ కప్పు ఆడినారు. మదురై మనకెంత దూరం? ప్రొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చును.

మగపిల్లల సంగతి బాగున్నది. మరి మన ఇండ్ల ఆడపిల్లలో?

తెలుగు ఆడపిల్లలకు ఆట రాదనరాదు. చిత్తూరు సీమలో యెనుమలవారిపల్లె అనే చిన్న ఊరి పిల్ల ఎతిమరపు రజని భారత జట్టుకు గోలు కాపరి అయినది. నిజామాబాదు పిల్ల యెండల సౌందర్య దేశం తరఫున ఆడింది. వీరు మనకంటె కలిగినవారి బిడ్డలు కారు. మన పిల్లలకు లేనిదేమిటి?

నేను మాట దాచను. మన పిల్లలు అయిదవ తరగతిలో పరుగెత్తుతారు, ఆరులో పరుగెత్తుతారు, ఏడులో పరుగెత్తుతారు. ఒకనాడు సమర్తాడుతుంది. పందిరి వేస్తాం, బంధువులను పిలుస్తాం, మేనమామ సీరు తెస్తాడు, పట్టుచీర కట్టిస్తాం, ఫొటోలు తీయిస్తాం. పందిరి విప్పుతాం. ఆ పిల్ల మళ్లీ బడికైతే పోతుంది గాని మైదానానికి పోదు. పొమ్మనేవారు లేరు, వద్దనేవారు కూడా గట్టిగా వద్దనరు. అంతే, ఆగిపోతుంది. తరువాత కొందరికి పటాసు ఆఫీసు, కొందరికి అగ్గిపెట్టె ఆఫీసు, కొందరికి పెండ్లి. ఆ పనులను నేను తక్కువ చేయడం లేదు. ఈ ఊళ్లలో పొయ్యి వెలిగేది ఆ చేతుల వల్లనే. కాని ప్రొద్దున్నుంచి సాయంత్రం దాకా అంత నేర్పుగా మెదిలే చేతులకు ఒక కర్ర అందించి చూచినామా?

మనం ఈ దేశానికి ఎట్లా వచ్చినామో పెద్దలు చెప్పగా విన్నారు. వెంటబడినవారి నుంచి ఒక ఆడపిల్లను కాపాడుకొనుటకు ఇల్లు, పొలం, పశువులు వదలి, రాత్రికి రాత్రి ఏరు దాటి దక్షిణానికి వచ్చినామని మన ముసలమ్మలు చెప్పుతారు. ఇడైసెవల్‌లో పుట్టిన మన కి. రాజనారాయణన్ గారు ఆ కథను "గోపల్ల గ్రామం" నవలలో తమిళంలో వ్రాసి, లోకమంతా చదువునట్లు చేసినారు. ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివినవారే ఆయన కూడా.

ఒక పిల్ల కోసం ఊరు విడిచినవారము మనము. అంత ప్రేమ మన రక్తంలో ఉన్నది. ఆనాడు కాపాడుట అంటే దాచుట. అపాయం అటువంటిది. ఈనాడు కాపాడుట అంటే వేరు. పిల్ల వెంట మైదానం దాకా పోయి, గట్టు మీద కూర్చుండి, చీకటి పడకముందు ఇంటికి తీసుకొని వచ్చుట. దాచుట సులభం, వెంట పోవుట కష్టం. ఆ కష్టం పడమనే నేను అడుగుచున్నాను.

నా కోరికలు మూడే. ఒకటి, తల్లిదండ్రులకు: సమర్త పందిరి విప్పిన వారంలోనే పిల్లను మళ్లీ మైదానానికి పంపండి. రెండవది, మేనమామలకు: మీరు తెచ్చే సీరు పళ్లెంలో పట్టుచీర, పసుపుకుంకుమల ప్రక్కన ఒక హాకీ కర్ర, ఒక జత జోళ్లు పెట్టండి. పట్టుచీర ధరలో అది ఏపాటి? మీ మేనగోడలు ఆ చీర ఏడాదికి రెండుసార్లు కడుతుంది, ఆ కర్ర రోజూ పడుతుంది. మూడవది, మన సంఘానికి: ఉగాది ఖర్చులో ఒక భాగం తీసి, ఆడదలచిన పిల్లలకు బస్సు ఛార్జీ, వెంట పోయే ఒక పెద్దామెకు దారి ఖర్చు ఇవ్వండి. కనీసం రెండు సంవత్సరాలు ఆపవద్దు. ఓడి వచ్చినా ఆపవద్దు. తైపేలో ఓడిన లడఖ్ పిల్లలను తలచుకోండి.

వారికి రెండు నెలల మంచు. మనకు పన్నెండు నెలల నేల. వానకాలపు బురద తీసివేసినా వారికన్న మనమే భాగ్యవంతులం. ఈ పచ్చడిలో వేపపువ్వు చేదు చప్పరించి మరీ బెల్లం తీపి చూచినవారము గనుక, మొదటి ఓటములకు జంకవద్దని పిల్లలకు చెప్పే హక్కు మనకున్నది.