కొలిచాక కోచ్ చెయ్యాల్సిన పని



హైదరాబాద్ అంబర్‌పేట్‌లో పోలీస్ లైన్స్ మైదానం ఉంది. కానిస్టేబుల్ ఉద్యోగాలకు దేహదారుఢ్య పరీక్షలు పెట్టినప్పుడు జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు తెల్లవారకముందే అక్కడ వరుస కడతారు. ఎత్తు కొలుస్తారు. 1600 మీటర్ల పరుగుకు టైం చూస్తారు. లాంగ్ జంప్, షాట్‌పుట్ చూస్తారు. టేపు, స్టాప్‌వాచ్ తమ పని తాము చేస్తాయి. కానీ ముందు రోజు రాత్రి ఆ కుర్రాడికి నిద్ర పట్టిందా, పేరు పిలవగానే కాళ్లలో వణుకు పుట్టిందా, ఒక జంప్ పోయాక రెండో జంప్‌కి ధైర్యం కూడగట్టుకోగలిగాడా అన్నవి టేపుకు అందవు.

వాటిని కూడా అందుకోవాలని నూరేళ్లకు పైగా మనుషులు ప్రయత్నిస్తున్నారు. మనసును కొలిచే పరీక్షల మీద పుస్తకాలు రాశారు, ఆట నేర్పే విద్య మీద పుస్తకాలు రాశారు. ఈ రెండు దారులు ఎక్కడ కలిశాయి, ఎక్కడ తప్పాయి, మన హైదరాబాద్‌లో ఏం జరిగింది అన్నది ఈ పూట చెప్పుకుందాం.

మొదటి దారి పారిస్‌లో మొదలైంది. 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ కలిసి పిల్లల ప్రజ్ఞను అంచనా వేసే 30 అంశాల పరీక్ష తయారుచేశారు. బడిలో వెనకబడుతున్న పిల్లలెవరో గుర్తించి, వాళ్లకు వేరుగా శ్రద్ధపెట్టి చదువు చెప్పడం దాని ఉద్దేశం. ప్రజ్ఞ పుట్టుకతో గట్టిపడి మారకుండా ఉండిపోతుందన్న మాటను బినే ఒప్పుకోలేదు. సాధనతో దాన్ని పెంచవచ్చని 1909లో తన పుస్తకంలో గట్టిగా వాదించాడు. 1911లో ఆయన పోయారు. ఆ తర్వాత పరీక్ష అమెరికా చేరి రూపం మార్చుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షల మంది సైనికులను పరీక్షించి వర్గాలుగా విడగొట్టారు. సాయం చేయడానికి పుట్టిన కొలత, ఏరివేతకు సాధనమైంది. మన దేశంలో వి.వి. కామత్ ధార్వాడ ప్రాంతపు పిల్లల కోసం బినే పరీక్షను కన్నడ, మరాఠీ భాషల్లోకి మలిచారు. ఒక దేశపు పిల్లల కోసం రాసిన ప్రశ్నలు ఇంకో దేశపు పిల్లలకు యథాతథంగా పనికిరావని చూపించిన పని అది.

రెండో దారి అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. కోల్‌మన్ గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1925లో అక్కడ క్రీడల పరిశోధనకు ఒక ప్రయోగశాల తెరిచాడు. ఆటగాళ్లు ఎంత వేగంగా స్పందిస్తున్నారో కొలిచే పరికరాలు తయారుచేశాడు. 1926లో ‘సైకాలజీ ఆఫ్ కోచింగ్’, 1928లో ‘సైకాలజీ అండ్ అథ్లెటిక్స్’ అచ్చయ్యాయి. పరికరాలకన్నా ఆయన ఆటగాళ్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్న సంగతులు నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. 1924లో మిషిగన్ జట్టు మీద అద్భుతంగా ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రెడ్ గ్రేంజ్‌ను ఆ ఆట గురించి అడిగితే, ఏ పరుగు ఎలా తీశాడో వివరాలేవీ గుర్తులేవన్నాడు. బాగా అలవాటైన నైపుణ్యం ఆలోచనతో పనిలేకుండా ఒంట్లోంచే వస్తుందని గ్రిఫిత్‌కు అర్థమైంది.

ఆయన తన రంగానికి మూడు పనులు పెట్టాడు. మంచి కోచ్‌లకు అనుభవంతో తెలిసినదాన్ని పోగుచేసి కొత్త కోచ్‌లకు అందించడం మొదటిది. మనస్తత్వశాస్త్రంలో అప్పటికే తేలిన విషయాలను ఆటకు అన్వయించడం రెండోది. కొత్త సంగతులను ప్రయోగాలతో కనిపెట్టడం మూడోది. ఈ వరుస శ్రోతలు గుర్తుంచుకోవాలి. అందులో మొట్టమొదటి చోటు కోచ్ అనుభవానిదే. డబ్బు కొరతతో ఆ ప్రయోగశాల 1932లో మూతపడింది. 1938లో షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు గ్రిఫిత్‌ను పిలిపించుకుంది. సాధన అసలు ఆటలా ఉండాలని ఆయన చెప్పాడు, కానీ జట్టు మేనేజర్‌కు ఆయన మాట రుచించలేదు.

అదే కాలంలో హైదరాబాద్‌లో ఒక బడిపంతులు సాధనను ఆటలా మలిచే ఆ పనే చేయడం మొదలుపెట్టాడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. అంబర్‌పేట్ పక్కనే ఉన్న కాచిగూడలోనూ, చాదర్‌ఘాట్‌లోనూ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

రహీం సాబ్ చేసిన ఒక పని చూడండి. ఊళ్లో కొత్త రకం పోటీలు పెట్టించారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి వచ్చిందే తడవుగా పాస్ ఇవ్వాలి. ఇంకో పోటీలో వాటంలేని కాలితోనే ఆడాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తంటాలు పడాలి. ఇవి పరీక్షలే. ఎవరి చూపు చురుకైనది, ఎవరికి తోటివాడి మీద నమ్మకం ఉంది, తనకు రాని పని చేయాల్సి వస్తే ఎవరు చిరాకుపడతారు, ఎవరు పట్టుదలగా నేర్చుకుంటారు అన్నది గంటలో బయటపడుతుంది. అయితే ఆ పరీక్ష ముగిసేసరికి ఆటగాడు మునుపటికన్నా కొంచెం మెరుగై ఇంటికి వెళ్తాడు. మార్కులు వేసి పంపేసే పరీక్షకూ దీనికీ ఉన్న తేడా అదే. ప్రయోగశాల లేకుండా, ప్రశ్నాపత్రం లేకుండా, ఒకే పనిలో పరీక్షనూ శిక్షణనూ కలిపిన ఆ తెలివికి మనం చేతులెత్తి మొక్కాలి.

రహీం భారత జట్టుకూ కోచ్‌గా ఉన్నారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఎక్కువమంది ఆటగాళ్లు వట్టికాళ్లతో ఆడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం క్యాన్సర్‌తోనే జట్టును నడిపారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లుపడ్డాయి. వెనక ఉండి హెడింగ్ చేయడం కష్టమైన ఆటగాణ్ని రహీం పక్కన కూర్చోబెట్టలేదు, ముందువరసలోకి తెచ్చారు. రాజకీయ కారణాల వల్ల స్టేడియం మొత్తం భారత జట్టును ఎగతాళి చేస్తున్న ఫైనల్లో, లీగ్ దశలో తమను ఓడించిన దక్షిణ కొరియాను మనవాళ్లు 2-1తో ఓడించారు. గోల్స్ పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చేశారు. గాయపడ్డవాడిలో కూడా మిగిలి ఉన్న శక్తి ఏమిటో చూడగలగడం ఏ ప్రశ్నావళీ నేర్పదు. 1963 జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన విద్య ఎక్కువగా శిష్యుల జ్ఞాపకాల్లోనే ఉండిపోయింది. 2017లో నోవీ కపాడియా భారత ఫుట్‌బాల్ చరిత్రగా రాసిన ‘బేర్‌ఫుట్ టు బూట్స్’ లాంటి పుస్తకాలు దానిలో కొంత కాపాడాయి.

రహీం పోయిన మూడేళ్లకు, 1966లో, అమెరికాలో బ్రూస్ ఒగిల్వీ, థామస్ టట్కో కలిసి ఒక పుస్తకం తెచ్చారు. కోచ్‌లను ఇబ్బందిపెట్టే ఆటగాళ్లను ఎలా దారిలోకి తెచ్చుకోవాలన్నది దాని విషయం. 1969లో వాళ్లు 190 ప్రశ్నల పరీక్ష ఒకటి ప్రవేశపెట్టారు. పట్టుదల, దూకుడు, నాయకత్వం, నమ్మకం లాంటి 11 గుణాలను అది కొలుస్తుందన్నారు. వృత్తి జట్లు, కాలేజీ జట్లు దానికోసం ఎగబడ్డాయి. కానీ తోటి శాస్త్రవేత్తలు రెండు ప్రశ్నలు వేశారు. ఈ పరీక్ష ఇవాళా రేపూ ఒకే ఫలితం ఇస్తుందా? కొలుస్తానన్న గుణాన్నే నిజంగా కొలుస్తోందా? మన బీఈడీ విద్యార్థులు విశ్వసనీయత, సప్రమాణత అని చదువుకునేవి ఈ రెండే. సంతృప్తికరమైన జవాబు రాలేదు. వ్యక్తిత్వ పరీక్ష చూసి ఎవరు గొప్ప ఆటగాడవుతాడో చెప్పవచ్చన్న ఆశ క్రమంగా సన్నగిల్లింది. ఆ మధ్యలో ఎంతమంది కుర్రాళ్ల మీద పట్టుదల లేనివాడన్న ముద్ర పడి ఉంటుందో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

ఆ దారిని సరిచేసినవాళ్లలో ముఖ్యుడు రైనర్ మార్టెన్స్. గ్రిఫిత్ పనిచేసిన ఇలినాయ్‌లోనే ఆయనా ప్రొఫెసర్. మొత్తం వ్యక్తిత్వాన్ని కొలిచే ఆశ మానుకుని, ఒక్క చిన్న ప్రశ్న పట్టుకున్నాడు. పోటీ అనగానే ఈ ఆటగాడు ఎంత ఆందోళన పడతాడు? 1977లో వెలువడిన ఆయన పరీక్షలో 15 వాక్యాలుంటాయి. వాటిలో 10కే మార్కులు, మిగతా 5 అసలు ఉద్దేశం పసిగట్టకుండా కలిపినవి. ఎప్పుడో గాని, అప్పుడప్పుడు, తరచుగా అన్న మూడు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టాలి. మొత్తం 10 నుంచి 30 మధ్య వస్తుంది. కాగితం మీద ఆందోళన అన్న మాట కూడా కనపడనివ్వకుండా, ఇలినాయ్ పోటీ ప్రశ్నావళి అని పేరుపెట్టారు. భయపడతావా అని సూటిగా అడిగితే ఏ పిల్లాడు అవునంటాడు? ఏ ఆటగాడు ఎంత ఆందోళన పడుతున్నాడో కోచ్‌లు సరిగా పోల్చుకోలేకపోతున్నారని కూడా మార్టెన్స్ బృందం పరిశోధనలో తేలింది. చిన్న కాగితం ఉపయోగపడేది అక్కడే. నోరు మెదపని పిల్లాడి బెదురు కోచ్‌కు తెలుస్తుంది.

1987లో మార్టెన్స్ కోచ్‌ల కోసం క్రీడా మనస్తత్వ మార్గదర్శిని రాశాడు. లక్ష్యాలు పెట్టుకోవడం, ఆందోళనను అదుపులో పెట్టుకోవడం, ఆటను మనసులో ఊహించుకోవడం, ఏకాగ్రత లాంటివన్నీ మైదానంలో నేర్పగల నైపుణ్యాలని అందులో వివరించాడు. కొలత మళ్లీ సాధన దగ్గరికి వచ్చి చేరింది. 1974లో, ఒక సదస్సు పత్రాలను పుస్తకంగా తెచ్చే ప్రయత్నంతో ఆయన మొదలుపెట్టిన హ్యూమన్ కైనెటిక్స్ అనే చిన్న ప్రచురణ సంస్థ, తర్వాత ప్రపంచమంతటా కోచ్‌ల చేతికి పుస్తకాలు అందించింది.

ఇక మన వైపు చూద్దాం. ఉప్పల్‌లో 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్ జరుగుతోంది. అంబర్‌పేట్‌కు, హబ్సిగూడకు మధ్య ఉస్మానియా ప్రాంగణంలో మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది, వ్యాయామ విద్యా కళాశాల ఉంది. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన హర్షా భోగ్లే తల్లి శాలిని భోగ్లే మనస్తత్వశాస్త్ర ప్రొఫెసర్. ఆటలోంచి నేర్వదగిన పాఠాల మీద హర్షా, అనితా భోగ్లే 2011లో ‘ది విన్నింగ్ వే’ రాశారు. 2018లో క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్ తన ఆత్మకథ తెచ్చారు. పుల్లెల గోపీచంద్ 2023లో ‘షట్లర్స్ ఫ్లిక్’ రాశారు. మన హైదరాబాదీల అనుభవమంతా అచ్చులోకి వస్తోంది. అయితే వచ్చింది ఇంగ్లీషులో. నాచారం సర్కారు బడిలో పీఈటీ సార్ చేతికి, ఉప్పల్ గల్లీలో పొద్దున్నే పిల్లలను పరిగెత్తించే కోచ్ చేతికి తెలుగులో ఏం పుస్తకం పెట్టగలం? మనస్తత్వశాస్త్రం తెలుగులో ఉంది, కానీ టీచర్ ఉద్యోగ పరీక్షకు బట్టీపట్టే పాఠంగానే ఎక్కువగా ఉంది.

ఈ చరిత్ర నుంచి కోచ్‌లకు నేను మనవి చేసేవి మూడు మాటలు. పరీక్ష పెడితే ఒక చిన్న సంగతి తెలుసుకోవడానికే పెట్టండి. దాని ఫలితం చూసి ఏ పిల్లవాణ్నీ జట్టులోంచి తీసేయకండి, ఆ కాగితాన్ని పదిమందిలో చదవకండి. మార్కులు చూడగానే, రేపటి సాధనలో ఈ పిల్లాడి కోసం నేనేం మార్చాలి అని మీకు మీరే ప్రశ్న వేసుకోండి. దానికి జవాబు దొరక్కపోతే ఆ పరీక్ష వృథా.

విశ్వవిద్యాలయాల వారికి ఒక మాట. గ్రిఫిత్ అన్నిటికన్నా ముందు పెట్టిన పని మనకింకా మిగిలే ఉంది. రహీం సాబ్ నుంచి ఇవాళ్టి పీఈటీ సార్ దాకా, మన మైదానాల్లో పిల్లల మనసెరిగి ఆట నేర్పినవాళ్ల అనుభవాన్ని అడిగి, రాసుకుని, సరిచూసి తెలుగు పుస్తకంగా తేవాలి. ఉస్మానియాలో మనసును చదివే విభాగం, ఆటను నేర్పే కళాశాల ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఆ రెండూ కలిసి కూర్చుంటే, ఆ పుస్తకం రావడానికి ఇంకో తరం ఆగనక్కర్లేదు.