ఛాయాచిత్రమున ముఖము, వెనుకటి తావు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున రెడ్డిగూడెములోని పెద్దల ఛాయాచిత్రములు తీయించి గ్రంథాలయపు గోడలపై నుంచవలెనని కార్యవర్గమువారు తలపెట్టిరి. అవి నలుపు తెలుపులలోనే యుండవలెనని నిశ్చయించుటయు నాకు నచ్చినది. అయితే రంగులేని పటమునకు ఒక చిక్కు కలదు. దానిని గూర్చియే నాలుగు మాటలు మనవిచేసెదను.

మన కన్ను రంగులనుబట్టి వస్తువులను వేఱుపఱచుకొనును. పచ్చని మామిడితోట ముందు ఎఱ్ఱచీర కట్టిన స్త్రీ నిలిచినచో ఎంత దూరమునుండియైనను కానవచ్చును. అదే దృశ్యమును నలుపు తెలుపులలో తీసిచూడుడు. ఎఱుపును, ఆకుపచ్చయు ఇంచుమించు ఒకే బూడిదవన్నెకు దిగి, చీర చెట్లలో కలిసిపోవును. రంగుల భేదము పోయి వెలుగుచీకట్ల భేదము మాత్రమే మిగులును. కన్నులు సగము మూసి చూచుట చిత్రకారుల పాత అలవాటు. అట్లు చూచినపుడు ఏది దేనిలో కలియనున్నదో ముందుగనే తెలియును.

పూర్వపు గాజుపలకలతో ఈ చిక్కు మఱింత యెక్కువ. అవి ముఖ్యముగా నీలివెలుగునే గ్రహించెడివి. ఎఱుపు వానికి చీకటియే. పలకలకు అద్దకపు రంగులు చేర్చి వాని చూపును విస్తరింపజేయవచ్చునని 1873లో బెర్లినులో ఫోగెల్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఎఱుపును గూడ గ్రహించు పలకలు 1906లో అంగడికి వచ్చెను. సికిందరాబాదులో స్టూడియో నడపి, నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడై వాసికెక్కిన రాజా దీనదయాళు అంతకు పూర్వమే, 1905లో, గతించెను. ఆయన సాధించిన స్పష్టత యంతయు ఆ గ్రుడ్డిపలకలతోనే యని తలచినపుడు ఆశ్చర్యము కలుగును.

రంగు లేకుండ రూపమును విడదీయుట మన సీమకు కొత్తవిద్య కాదు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపమునుండి లభించి, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్న చక్రవర్తి శిలాఫలకమును తలచుకొనుడు. చెక్కడపు లోతు చాల తక్కువ. శిల యంతయు ఒకే వన్నె. అయినను చక్రవర్తి రూపము వెనుకటి రాతినుండి విడివడి నిలుచును. అంచుల వెంట పడు సన్నని నీడయే ఆ పని చేయుచున్నది.

ఇక మన పల్లెలో ఎదురగు అసలు పరీక్ష చెప్పెదను. మన రైతు ముఖము ఎండకు కాగిన నలుపు. తలపాగ, పంచె, కండువ తెలుపు. సున్నపు గోడ ముందు కూర్చుండబెట్టినచో తలపాగ గోడలో కలియును. చీకటి వాకిలి ముందు కూర్చుండబెట్టినచో ముఖము చీకటిలో కలియును. పైగా తెల్లగోడ ముందు కెమెరా మోసపోవును. వెలుగును కొలుచు సాధనము తనకు కనబడినదాని నెల్ల నడిమి బూడిదవన్నెకు తేజూచును గనుక, తెలుపు హెచ్చినకొలది లోనికి వచ్చు వెలుగును తగ్గించి ముఖమును మసిచేయును. కావున కొలత ముఖమువద్దనే తీసికొనవలెను. అట్లు చేయక, తరువాత ముఖమునకు తెలుపు పూసి దిద్దు స్టూడియోలు కలవు. ఇది నాకు ఎంతమాత్రమును సమ్మతము కాదు. మనుమడు గుర్తుపట్టలేని తాతగారి పటము గోడ కెందుకు? మార్చవలసినది ముఖము కాదు, దాని వెనుకటి తావు.

ఈ రెంటికిని నడుమనుండు వన్నె మనకు కావలెను. మట్టిగోడ, నీడలోనున్న గడ్డివామి, పాతబడిన తాటాకు తడిక, ఇవి తలపాగకంటె నల్లన, ముఖముకంటె తెల్లన. గడ్డివామిపై నేరుగా ఎండ పడినచో మాత్రము అది తలపాగతో పోటీకి వచ్చును. మామిడిచెట్టు నీడ మనకు ప్రియమైనదే గాని, ఆకుల సందులనుండి దూరు ఆకాశపు తునకలు తెల్లమచ్చలై తలచుట్టును మూగును. తోటలోనే తీయవలసినచో చెట్లు 40 అడుగులైనను వెనుక నుండునట్లు చూచుకొనుడు.

గోడకు వీపు ఆనించి కూర్చుండుట మన వాడుక. అందువలన ముఖముపై ఎంత వెలుగో గోడపైనను అంతయే. మనిషి నీడ గూడ గోడకు అంటుకొనును. దీపమునకు 3 అడుగుల దూరమున మనిషియు, 9 అడుగుల దూరమున గోడయు నున్నచో, గోడపై పడు వెలుగు ముఖముపై పడుదానిలో 9వ వంతు మాత్రమే. కుర్చీని ముందుకు లాగినకొలది సున్నపు గోడయే కోరిన వన్నెకు దిగివచ్చును. కటకపు ద్వారమును వెడల్పుగా తెఱచినచో గోడమీది మేకులు, పగుళ్లు మసకబాఱును. నేటి సెల్‌ఫోనులలో గణితముచేత వెనుకటిదానిని మసకపఱచు ఏర్పాటు కలదు. అది ఒక్కొకప్పుడు తలపాగ కొసను, చెవిపోగును గూడ చెఱిపివేయును!

స్త్రీల నల్లని జుట్టుకు వేఱొక ఉపాయము. వెనుకనుండి ఏటవాలుగా కొంచెము వెలుగు తగులనిచ్చినచో తలకును భుజమునకును సన్నని వెలుగుగీత యేర్పడును. నూనె రాచిన జుట్టు ఆ వెలుగును చక్కగా పట్టును. 1957 నాటి మాయాబజారు చిత్రమునకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ. దానిని 2010లో రంగులద్ది మఱల విడుదల చేసిరి. ఈ విద్య నేర్వదలచిన యువకులు నలుపు తెలుపుల ప్రతినే చూచుట మేలు. పాత్రల జుట్టు అంచులను మాత్రము గమనించుచు ఒకసారి చూడుడు. నెరసిన తలలవారికి ఆ గీత అక్కఱలేదు, వారికి నల్లని తావే చాలును.

మన గ్రంథాలయపు వసారా ఉత్తరమునకు తెఱచియున్నది. నేరు ఎండ అంతగా రాదు, వెలుగు మెత్తన. కుర్చీని వెనుకగోడ నుండి 8 అడుగులు ముందుకు లాగి, వసారా అంచున ఏటవాలుగా వేయుడు. పెద్దలు తలపాగలు తీయనక్కఱలేదు.