సాంచాల మోత, బీడీల చాట

అక్కలారా, పొద్దున్నుంచీ ఆరోగ్యమంటే ఆసుపత్రుల గురించే మాట్లాడుకున్నాం. నేను సిరిసిల్ల ఇళ్ల గురించి చెబుతాను. అక్కడ చాలా ఇళ్లలో మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు బీడీల మీద బతుకుతారు.

సాంచాల షెడ్డులో 12 గంటల పని, రాత్రి షిఫ్టు. మోతకు చెవులు దెబ్బతింటాయి. దారపు నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అయినా అది పనేనని అందరూ ఒప్పుకుంటారు. బీడీలు చుట్టే స్త్రీకి షెడ్డు లేదు, షిఫ్టూ లేదు. వంట, బిడ్డకు పాలు, మళ్లీ చాట ముందుకు. తంబాకులోని నికోటిన్ చేతుల చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది. మెడనొప్పి, నడుంనొప్పి, దగ్గు. చెప్పుకుంటే "ఇంట్లో కూర్చునే కదా చేసేది" అంటారు. ఈ మాట మన సంఘాల్లోనూ విన్నాను.

కూలి వెయ్యి బీడీల లెక్కన. జ్వరమొస్తే కూలి లేదు. బాగాలేవని తీసేసిన బీడీలకూ లేదు. 1966 చట్టం ఇంట్లో చుట్టేవాళ్లనూ కార్మికులుగానే గుర్తించింది. 1976లో సంక్షేమ నిధి వచ్చింది. గుర్తింపు కార్డు లేనివాళ్లకు అది కాగితం మీదే మిగిలింది. ఆ నిధికి డబ్బు తెచ్చే సెస్సును కూడా 2017లో ఎత్తేశారు.

సాంచాలు ఆగిన రోజుల్లో నేతకార్మికుల ఆత్మహత్యలు పేపర్లలో వచ్చాయి. రావాలి కూడా. అదే ఇంట్లో అప్పు మీద పడ్డ ఆమె ఇంకో ఐదువందల బీడీలు చుట్టి, అందరూ తిన్నాక మిగిలింది తిని, రక్తం లేక పడిపోతే అది ఏ పేపర్లోనూ రాదు.

మనం ఇంటింటికీ తీసుకెళ్లే సర్వే ఫారంలో "మీ ఆయన ఏం పని చేస్తాడు" అని ఉంది. దాని పక్కనే "మీరు రోజుకెన్ని బీడీలు చుడతారు" అని కూడా పెట్టండి.